పెట్టె మీద పేరు, బల్ల చుట్టూ మనుషులు

వేసవి సెలవుల్లో బిజినెస్ ఆట ఆడి పెరిగినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నలుగురు పిల్లలు చాప మీద కూర్చుంటారు. గంట గడిచేసరికి ఒకరి దగ్గర బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, వాటి మీద ఇళ్లూ హోటళ్లూ పోగుపడతాయి. ఇంకొకరి చేతిలో నాలుగు చిల్లర నోట్లు మిగులుతాయి. అందరికంటే చిన్నవాడు ముందు దివాలా తీస్తాడు. ఆ తర్వాత వాడికి ఆటలో పని లేదు. మిగతా ముగ్గురూ ఇంకో రెండు గంటలు ఆడుతుంటే వాడు పక్కన కూర్చుని చూస్తాడు, బ్యాంకు నేను చూసుకుంటానని బతిమాలతాడు, అదీ ఇవ్వకపోతే అమ్మ దగ్గరికి పోతాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్లు వారాంతంలో కలుసుకునే చోటికి వెళ్లి చూడండి. ఒక్కో బల్ల దగ్గర నలుగురైదుగురు కూర్చుంటారు. సగం మందికి ఒకరి పేరు ఒకరికి ఆ పూటే తెలిసి ఉంటుంది. పెట్టె తెరుస్తారు, రూల్స్ తెలిసినవాళ్లు పది నిమిషాలు చెబుతారు, ఆట మొదలవుతుంది. "అన్నా, ఇటుక ఉందా? రెండు గొర్రెలిస్తా." "గొర్రెలు నాకెందుకు, ధాన్యం ఉంటే చెప్పు." "ఆమెకు మాత్రం ఇవ్వకండి, ఇంకో రెండు పాయింట్లొస్తే గెలిచేస్తుంది." గంటన్నర తర్వాత ఎవరో ఒకరు గెలుస్తారు. అంతసేపూ ఒక్కరు కూడా ఆటలోంచి పోరు. వెనకబడినవాళ్లకు సైతం ఆఖరి వంతు దాకా చెయ్యడానికేదో ఒకటి ఉంటుంది.

ఈ తేడా దానంతటది రాలేదు. ఒక అమెరికన్ స్టెనోగ్రాఫరు, జర్మన్ పత్రికల్లో ఆటల మీద సమీక్షలు రాసిన విమర్శకులు, బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద సంతకాలు చేసిన పదమూడు మంది, పళ్ల సెట్లు తయారుచేసే ఒక టెక్నీషియన్, వీళ్లందరి వల్లా వచ్చింది. ఇందులో ఇద్దరు ముగ్గురి పేర్లయినా ఆటలాడే ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలని నా కోరిక.

బల్ల మీద గళ్లు గీసి ఆడుకోవడం మనిషికి నిన్న మొన్నటి అలవాటేమీ కాదు. మెసపొటేమియాలోని ఊర్ నగరపు సమాధుల్లో 1920లలో లెనార్డ్ వూలీ తవ్వి తీసిన ఆటపలకలు నాలుగున్నర వేల ఏళ్లనాటివి. మన దగ్గర పచ్చీసు, వైకుంఠపాళి, అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిజూదం ఉన్నాయి. పాత గుళ్లకు వెళితే మండపాల రాతి నేల మీద ఆట గీతలు ఇప్పటికీ కనబడతాయి. వీటిలో రెండు మన దేశం నుంచి ఇంగ్లండుకు వెళ్లి, అక్కడ కొత్త బట్టలు తొడుక్కుని మళ్లీ మన దగ్గరికే వచ్చాయి. పచ్చీసు 1896లో లూడో అయింది. వైకుంఠపాళి అదే దశాబ్దంలో పాములూ నిచ్చెనలూ అయింది. వైకుంఠపాళిలో పాపానికి పాము, పుణ్యానికి నిచ్చెన. పాచిక ఎంత పడితే అంత ఎక్కడం, అంత దిగడం. ఆడేవాడి నిర్ణయమంటూ ఏమీ ఉండదు. కర్మను బోధించడానికి అది సరిగ్గా అతికే పద్ధతి. ఆ బోధన తీసేసి వట్టి పరుగుపందెంగా మిగిల్చాక మాత్రం పెద్దవాళ్లకు అందులో ఆలోచించడానికి ఏమీ లేకుండా పోయింది. పాశ్చాత్య దేశాల్లో బోర్డ్ గేమ్ అంటే పిల్లల వ్యవహారమనే అభిప్రాయం చాలాకాలం ఉండిపోవడానికి ఇలాంటి ఆటలే ఒక కారణం.

అసలు కథ అమెరికాలో మొదలవుతుంది. ఎలిజబెత్ మేగీ, అందరూ పిలిచే పేరు లిజీ మేగీ, 1866లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టింది. స్టెనోగ్రాఫరుగా పనిచేసింది. భూమి విలువ మీద మాత్రమే పన్ను వెయ్యాలని, భూమి కొందరి గుప్పిట్లో చిక్కుకోవడమే పేదరికానికి మూలమని వాదించిన హెన్రీ జార్జ్ సిద్ధాంతం ఆమెకు ప్రాణం. ఆ సిద్ధాంతాన్ని ఉపన్యాసాలతో చెబితే వినేవాళ్లు కొందరే ఉంటారు, ఆటలో పెడితే ఇంటింటికీ వెళుతుందని ఆమె అనుకుంది. 1904 జనవరి 5న 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అనే ఆటకు పేటెంట్ పొందింది. చుట్టూ తిరిగే బాట, కొనుక్కునే స్థలాలు, కట్టాల్సిన అద్దెలు, జైలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ ఆటకు మేగీ రెండు రకాల నియమాలు రాసింది. ఒక పద్ధతిలో స్థలాలు కొని, అద్దెలు పిండి, ఎదుటివాళ్లను దివాలా తీయించినవాళ్లు గెలుస్తారు. రెండో పద్ధతిలో ఎవరు స్థలం సంపాదించినా దాని ఫలం అందరికీ అందుతుంది. అందరికన్నా తక్కువ డబ్బుతో మొదలుపెట్టిన ఆటగాడి సొమ్ము రెట్టింపయిన రోజున ఆట ముగుస్తుంది, అందరూ గెలిచినట్టు. ఒకే పలక మీద రెండూ ఆడి చూసిన పిల్లలకు ఏది న్యాయమో వాళ్లకే తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఆట చేతి నుంచి చేతికి, ఊరి నుంచి ఊరికి పాకింది. కాలేజీ కుర్రాళ్లు, క్వేకర్ మతస్థులు సొంతంగా పలకలు గీసుకుని, తమ ఊళ్ల వీధుల పేర్లు రాసుకుని ఆడారు. ఆ దారిలో రెండో నియమావళి రాలిపోయింది. ఆర్థిక మాంద్యపు రోజుల్లో చార్లెస్ డారో అనే ఆయన ఒక స్నేహితుడి ఇంట్లో ఈ ఆట ఆడి, నియమాలు రాయించుకుని, తన సొంత కల్పనగా అమ్మకానికి పెట్టాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ దాన్ని 'మొనోపొలీ' పేరుతో విడుదల చేసింది. డారో లక్షాధికారి అయ్యాడు. మేగీ పేటెంటును కంపెనీ 500 డాలర్లకు కొనేసింది, రాయల్టీ ఏమీ లేకుండా. డారోను ఆటకు సృష్టికర్తగా దశాబ్దాల పాటు ప్రచారం చేసింది. మన బిజినెస్ ఆటలన్నీ ఆ మొనోపొలీ పిల్లలే.

మేగీ అలా రెండు పోగొట్టుకుంది. ఒకటి ఆట మీద తన పేరు. రెండు, ఎవరినీ బయటికి నెట్టని ఆ రెండో ఆట. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో జర్మనీలో జరిగినదంతా ఈ రెండూ తిరిగి రావడమేనని నాకు అనిపిస్తుంది. జర్మన్లలో ఎవరూ మేగీ పేరు తలచుకుని ఆ పని చెయ్యలేదు. అయినా పోయినవి ఆ రెండే, వచ్చినవీ ఆ రెండే.

మధ్యలో అమెరికాలోనే ఇంకో మనిషి ఉన్నాడు, ఆయన్ను దాటిపోవడం అన్యాయం. సిడ్ శాక్సన్ వృత్తిరీత్యా ఇంజనీరు, న్యూయార్కు బ్రాంక్స్‌లో ఉండేవాడు. ఇల్లంతా ఆటపెట్టెలే. 1960లలో 3ఎం సంస్థ, అంటే మనకు అంటించే టేపులతో తెలిసిన సంస్థే, పుస్తకాల బీరువాలో నిలబెట్టుకునేటట్టు పుస్తకం ఆకారపు పెట్టెల్లో పెద్దవాళ్ల కోసం ఆటలు వేసింది. వాటిలో శాక్సన్ రాసిన 'అక్వయర్' 1964 నాటిది. అందులోనూ హోటళ్లే, వాటాలే. అయితే ఒక హోటలు గొలుసును ఇంకొకటి మింగినప్పుడు ఎక్కువ వాటా ఉన్నవాడితో పాటు రెండో స్థానంలో ఉన్నవాడికీ డబ్బు వస్తుంది. చిన్న కంపెనీలో వాటా పెట్టుకున్నవాళ్లకు అది మునిగిన రోజే పండగ. ఓడుతున్న వైపు నిలబడి కూడా బాగుపడే దారి చూపించిన ఆట అది. ఈ ఆటలు జర్మనీకి చేరాయి, అక్కడివాళ్లు శ్రద్ధగా ఆడారు.

జర్మనీయే ఎందుకు? ఆ దేశంలో కుటుంబమంతా కూర్చుని ఆడుకునే ఆటలకు పాత సంప్రదాయం ఉంది. రావెన్స్‌బుర్గర్ సంస్థ 1880లలోనే ఆటలు వెయ్యడం మొదలుపెట్టింది. దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధం ఆ దేశాన్ని ఏం చేసిందో, ఆ దేశం ప్రపంచాన్ని ఏం చేసిందో తెలిసిన తరం అది. భోజనాల బల్ల మీద ట్యాంకులు, సైన్యాలు పరిచి దేశాలు ఆక్రమించే ఆటలను ఇళ్లలోకి రానివ్వడానికి చాలామంది ఇష్టపడలేదు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ అప్పటికి యుద్ధపు ఆటలు జోరుగా ఉన్నాయి. 'రిస్క్' ఆటను జర్మనీలో పిల్లలకు హాని చేసే వాటి జాబితాలో చేర్చాలా వద్దా అన్న విచారణ కూడా నడిచింది. చివరికి అక్కడి నియమాల పుస్తకంలో ఆక్రమించడానికి బదులు విముక్తి చెయ్యడమని రాయాల్సి వచ్చింది. మాట మార్చినంత మాత్రాన ఆట మారదు. కానీ ఆ పట్టింపు వల్లే అక్కడి రచయితలు వేరే దారి వెతుక్కున్నారు. చంపడం లేకుండా పోటీ ఎలా? కొట్టడం లేకుండా ఒకరి దారికి ఇంకొకరు అడ్డం రావడం ఎలా? కట్టడం, పండించడం, బేరమాడడం, వేలం పాడడం, దారులు వెయ్యడం. ఇవే జర్మన్ ఆటల సరుకు అయ్యాయి.

1978లో ఆటల మీద సమీక్షలు రాసే జర్మన్ విమర్శకులు కొందరు కలిసి ఏడాదికి ఒక మేలైన ఆటను ఎంపిక చెయ్యాలనుకున్నారు. 'ష్పీల్ డెస్ యారెస్', అంటే ఏడాది మేటి ఆట, అన్న పురస్కారం అలా పుట్టింది. తయారీదారులకు ఎంపికలో చోటు లేదు. గెలిచిన ఆటకు నగదు ఇవ్వరు. పెట్టె మీద ఎర్ర పావు ముద్ర వేసుకునే హక్కు వస్తుంది, అంతే. పండగకు ఇంటికి ఏ ఆట కొనాలా అని అంగట్లో నిలబడిన తల్లిదండ్రులకు ఆ ఎర్ర పావు కనిపిస్తే చాలు. గెలిచిన ఆటలు లక్షల్లో అమ్ముడుపోవడం మొదలైంది. నా లెక్కన ఆధునిక బోర్డ్ గేమ్‌కు ఇంతకన్నా పెద్ద మేలు చేసిన సంస్థ లేదు. ఒక కళ పెరగాలంటే దాన్ని పుస్తకాల్లాగే, సినిమాల్లాగే పట్టించుకుని మంచీ చెడ్డా చెప్పేవాళ్లుండాలి. జర్మన్ పత్రికలు ఆ పని చేశాయి.

1979లో మొదటి పురస్కారం ఒక ఆంగ్లేయుడికి వచ్చింది. డేవిడ్ పార్లెట్ రాసిన 'కుందేలు-తాబేలు' ఆట అది. ఈసపు కథ మనందరికీ తెలిసిందే. పార్లెట్ చేసిన చమత్కారమంతా పాచిక తీసెయ్యడంలో ఉంది. ప్రతి ఆటగాడి దగ్గర క్యారెట్లుంటాయి. ఒక గడి జరగడానికి ఒక క్యారెట్టు, రెండు గళ్లకు మూడు, మూడుకు ఆరు, నాలుగుకు పది, అయిదుకు పదిహేను. ఎంత తొందరపడితే అంత ఖర్చు. వెనక ఉన్నవాడికి క్యారెట్లు దొరికే దారులున్నాయి. ముందున్నవాడు అలసిపోతాడు, వెనకున్నవాడు బలం పుంజుకుంటాడు. పరుగుపందెమే, కానీ వైకుంఠపాళికీ దీనికీ మధ్య ఎంత దూరం! ప్రతి అడుగూ ఆడేవాడి నిర్ణయమే. 1981లో శాక్సన్ ఆట 'ఫోకస్' కూడా ఇదే పురస్కారం గెలిచింది.

1981లోనే 'ష్పీల్‌బాక్స్' అనే ఆటల పత్రిక వచ్చింది. 1983లో ఆ పత్రిక పాఠకులు ఎసెన్ నగరంలో, వయోజనులకు పాఠాలు చెప్పే ఒక విద్యాలయంలో కలుసుకుని ఆటలాడుకున్నారు. ఇవాళ ఏటా అక్టోబరులో ఎసెన్‌లో జరిగే 'ష్పీల్' ప్రదర్శన ఆ కలయిక పెరిగినదే. 2019లో దానికి రెండు లక్షల మందికి పైగా వచ్చారు. ప్రపంచంలో కొత్త ఆట వేసిన ప్రతివాళ్ల చూపూ ఆ నాలుగు రోజుల మీదే. మొదలు మాత్రం ఒక గేమ్ నైట్ లాంటిదే: పెట్టెలు తెచ్చుకున్న మనుషులు, ఖాళీ బల్లలు.

ఇక పేరు సంగతి. నవలకు రచయిత పేరు ఉంటుంది, పాటకు కవి పేరు ఉంటుంది. ఆటకు? కొన్ని సంస్థలు వేసేవి, చాలా సంస్థలు వేసేవి కావు. 1988లో న్యూరెంబర్గ్ బొమ్మల సంతకు వచ్చిన పదమూడు మంది ఆట రచయితలు ఒక బీరు అట్ట తీసుకుని దాని మీద ఒక మాట రాశారు. తమ పేరు పెట్టె పైన వెయ్యని ప్రచురణకర్తకు తమలో ఎవరూ ఆట ఇవ్వరని దాని సారాంశం. అందరూ సంతకాలు పెట్టారు. దీనికి చొరవ తీసుకున్నవాడు గోటింగెన్‌కు చెందిన రైన్‌హోల్డ్ విటిగ్. మూడేళ్లకు, 1991లో, ఆట రచయితల సంఘం ఏర్పడింది. మెల్లగా ప్రచురణకర్తలు దారికొచ్చారు. మేగీకి 1935లో దక్కనిది ఈ అట్టతో తర్వాతివాళ్లకు దక్కింది. పేరు వేస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లుంటారు. పేరు ఉంటే పాఠకుడికి రచయిత తెలిసినట్టు ఆడేవాడికి ఆట రాసినవాడు తెలుస్తాడు. ఫలానా ఆయన కొత్త ఆట వచ్చిందట అని ఎదురుచూస్తాడు. రాసినవాడు తన పేరుకు మచ్చ రాకుండా నియమాలు చెక్కుతాడు. అందుకే ఆటల నాణ్యత పెరగడంలో ఆ అట్టకు వాటా ఉందంటాను.

అదే 1988లో క్లాస్ టాయ్‌బర్ మొదటిసారి ఏడాది మేటి ఆట పురస్కారం అందుకున్నాడు. 1952లో రాయ్-బ్రైటెన్‌బాక్ అనే పల్లెలో పుట్టిన టాయ్‌బర్ డార్మ్‌స్టాట్ దగ్గర డెంటల్ ల్యాబ్ నడిపేవాడు. పగలంతా కట్టుడు పళ్లు, తొడుగులు. ఆ పని మీద ఆయనకు మనసు లేదు. రాత్రిళ్లు ఇంటి నేలమాళిగలో ఆటలు తయారుచేసేవాడు. మొదటి పురస్కారం తెచ్చిన 'బార్బరోసా'లో ఆటగాళ్లు మట్టిముద్దతో బొమ్మలు చేస్తారు, అదేమిటో ఎదుటివాళ్లు కనుక్కోవాలి. అందరికీ ఇట్టే తెలిసిపోయినా నష్టమే, ఎవరికీ తెలియకపోయినా నష్టమే. మరీ తేలికా కాకుండా, మరీ కష్టమూ కాకుండా చెయ్యగలిగినవాడిది పైచెయ్యి. బొమ్మలు చెయ్యడం రానివాళ్లు కూడా సిగ్గుపడకుండా ఆడగలగడం ఆ ఆటలోని దయ. 1990లో, 1991లో కూడా ఆయన ఆటలే గెలిచాయి. అయినా ల్యాబ్ మానెయ్యలేదు. ఆటల మీద ఇల్లు గడుస్తుందన్న నమ్మకం అప్పటికి ఎవరికీ లేదు.

చిన్నప్పటి నుంచీ టాయ్‌బర్‌కు వైకింగుల సముద్రయానాల మీద మోజు. ఓడలేసుకుని వెళ్లి ఐస్‌లాండ్ చేరినవాళ్లు మొదటి ఏడాది ఎలా బతికారు? కలప ఎక్కడిది, ధాన్యం ఎక్కడిది, ఇళ్లెలా కట్టుకున్నారు? ఈ ప్రశ్నల మీద నాలుగేళ్లు పనిచేశాడు. మొదటి నమూనా చాలా పెద్దది, దీవి కనుక్కోవడం దగ్గర నుంచి అన్నీ అందులోనే. భార్య, పిల్లలు వారం వారం ఆడి చూసేవారు. బరువెక్కువైందని తెలిసి ముక్కలు చేశాడు. విడదీసిన భాగాల్లోంచి తర్వాత వేరే ఆటలు కూడా వచ్చాయి. మిగిలిన గుండెకాయ 1995లో స్టుట్‌గార్ట్‌కు చెందిన కాస్మోస్ సంస్థ వేసిన 'క్యాటాన్'. అప్పటి పూర్తి పేరులో క్యాటాన్‌లో స్థిరపడినవాళ్లన్న అర్థం ఉండేది. అదే ఏడు అది మేటి ఆట పురస్కారం గెలిచింది.

ఆ ఆట ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దాని గొప్పదనమంతా పనితనంలోనే ఉంది.

దీవి 19 షడ్భుజి పలకలతో తయారవుతుంది. అడవులు నాలుగు, పచ్చికబయళ్లు నాలుగు, పొలాలు నాలుగు, మట్టిగుట్టలు మూడు, కొండలు మూడు, ఎడారి ఒకటి. ప్రతిసారీ కలిపేసి పరుస్తారు కనుక నిన్నటి దీవి ఇవాళ ఉండదు. ఎడారి తప్ప ప్రతి పలక మీదా ఒక అంకె పెడతారు. ఆటగాళ్లు పలకల మూలల్లో ఊళ్లు, అంచుల మీద బాటలు వేస్తారు. రెండు పాచికలు వేస్తే వచ్చిన మొత్తం ఏ పలక మీద ఉందో ఆ పలక పండుతుంది. దానికి ఆనుకుని ఊరున్న ప్రతివాళ్లకూ సరుకు వస్తుంది. పాచిక ఎవరు వేశారన్నదానితో పని లేదు. ఈ ఒక్క నియమం చాలు, నా వంతు ఎప్పుడొస్తుందా అని ఆవులిస్తూ కూర్చునే అలవాటుకు స్వస్తి చెప్పడానికి. ఎదుటివాడి పాచిక మీద కూడా బల్ల చుట్టూ అందరి కళ్లూ ఉంటాయి.

రెండు పాచికలు పడే తీరులు 36. అందులో ఏడు వచ్చేవి ఆరు. ఆరు, ఎనిమిది ఒక్కోటి అయిదేసి తీరుల్లో వస్తాయి, అందుకే ఆ అంకెలను ఎర్రగా అచ్చువేస్తారు. రెండు, పన్నెండు ఒక్కో తీరులోనే. లెక్కలంటే భయపడే పిల్లవాడు కూడా నాలుగు ఆటలయ్యేసరికి సంభావ్యత నేర్చేసుకుంటాడు. ఏడు పడితే సరుకు రాదు, దొంగ కదులుతాడు. పాచిక వేసినవాళ్లు దొంగను తీసుకెళ్లి ఎవరి పలక మీదయినా కూర్చోబెడతారు, ఆ పలక పండడం ఆగిపోతుంది, పక్కన ఊరున్న ఒకరి చేతిలోంచి ఒక కార్డు లాగుతారు. చేతిలో ఏడు కార్డులకు మించి దాచుకున్నవాళ్లు సగం వదులుకోవాలి. దొంగ సహజంగానే ముందున్నవాళ్ల దగ్గరికి వెళతాడు. ఇలా బల్ల చుట్టూ ఉన్నవాళ్లే ఆటను సమం చేసుకుంటారు.

బాటకు ఒక ఇటుక, ఒక కలప. ఊరికి ఇటుక, కలప, ఉన్ని, ధాన్యం. ఊరిని పట్నం చెయ్యడానికి ఖనిజం మూడు, ధాన్యం రెండు. అన్నీ ఒక్కరి దగ్గర పండవు. కాబట్టి అడగాలి. బేరమాడాలి. మాట తీరు బాగున్నవాళ్లకు, నిన్నటి ఆటలో మాట నిలబెట్టుకున్నవాళ్లకు సరుకు దొరుకుతుంది. కట్టిన ఊరిని ఎవరూ కూలగొట్టలేరు. మొదటి ఊళ్లు పెట్టేటప్పుడు కూడా ఒక న్యాయం ఉంది: మొదటి చుట్టులో ఆఖరున పెట్టినవాళ్లు రెండో చుట్టులో ముందు పెడతారు. పది పాయింట్లు వచ్చినవాళ్లు గెలుస్తారు. ఓడినవాళ్లకు కూడా తాము వేసిన బాటలు, కట్టిన ఊళ్లు కళ్ల ముందే ఉంటాయి.

లోపాలు లేవా? ఉన్నాయి. పాచికలు మొండికేస్తే అరగంట సేపు ఒక్క సరుకూ రాని ఆటగాడు ఉంటాడు. మొదటి రెండు ఊళ్లు తెలియక చెడ్డ చోట పెట్టినవాళ్లు ఆట అంతా దాని ఫలితం అనుభవిస్తారు. కొత్తవాళ్లతో ఆడేటప్పుడు ఊళ్లు ఎక్కడ పెట్టాలో పక్కనుండి చెప్పడం పాతవాళ్ల బాధ్యత. ఇంకా లోతైన విమర్శ ఒకటుంది. ఓడ దిగి దీవిలో ఊళ్లు కడుతున్నారు సరే, ఆ దీవిలో అంతకుముందు మనుషులు లేరా? వలసపాలన చవిచూసిన మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ఆ కాలపు జర్మన్ ఆటలు చాలా వాటిలో ఈ గుడ్డితనం ఉంది. 2002 నాటి 'పోర్టోరికో'లో తోటల్లో పనిచెయ్యడానికి ఓడల్లో దిగే గోధుమరంగు బిళ్లలను చూసి ఎంతోమంది ఇబ్బందిపడ్డారు. ఇరవై ఏళ్లకు ఆ ఆటను కథ మార్చి కొత్తగా వేశారు. 2017లో వచ్చిన 'స్పిరిట్ ఐలాండ్' ఏకంగా దిక్కు మార్చింది. అందులో ఆటగాళ్లందరూ దీవిని కాచే శక్తులు, వలస వచ్చి ఆక్రమించేవాళ్లను కలిసికట్టుగా తరిమికొట్టడమే ఆట. క్యాటాన్ కూడా 2015 నుంచి పెట్టె మీద 'స్థిరపడినవాళ్లు' అన్న మాట తీసేసింది. ఆటను పుస్తకంలా చదివి, ప్రశ్నించి, జవాబుగా ఇంకో ఆట రాసే స్థితికి ఈ కళ చేరిందంటే అది ఎదుగుదలే.

1996లో క్యాటాన్ ఇంగ్లీషులో అమెరికాకు వెళ్లింది. అక్కడ మొదట విశ్వవిద్యాలయాల్లో, ఆటల దుకాణాల్లో, తర్వాత సిలికాన్ వ్యాలీ ఆఫీసుల్లో పాకింది. లింక్డ్ఇన్ స్థాపకుల్లో ఒకరైన రీడ్ హాఫ్‌మన్ దీనికి గట్టి అభిమాని. 2015లో గ్రీన్ బే ప్యాకర్స్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు తీరిక వేళల్లో క్యాటాన్ ఆడుతున్నారన్న వార్త అమెరికా పత్రికల్లో వచ్చింది. 40కి పైగా భాషల్లో, 3 కోట్లకు పైగా పెట్టెలు అమ్ముడయ్యాయి. టాయ్‌బర్ 1990ల చివర్లో గానీ ల్యాబ్ వదల్లేదు. ఆ తర్వాత పిల్లలతో కలిసి ఆటలే వృత్తిగా బతికి, 2023 ఏప్రిల్ 1న కన్నుమూశాడు.

తలుపు తెరుచుకున్నాక మిగతావి వరుసకట్టాయి. 2000లో వచ్చిన 'కార్కసోన్'లో పలక పక్కన పలక పేర్చి కోటలు, బాటలు కడతారు. ఆరేళ్ల పిల్లలతోనూ అరవై ఏళ్లవాళ్లతోనూ ఒకేసారి ఆడగలిగిన ఆటల్లో నా మొదటి ఓటు దానికే. 2004లో మేటి ఆట అయిన 'టికెట్ టు రైడ్'లో రైలు మార్గాలు వేస్తారు. దానికి తర్వాత 1911 నాటి భారతదేశపు రైలు పటం కూడా వచ్చింది. గణితంలో డాక్టరేట్ చేసిన రైనర్ క్నిజియా 2000లో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ఆటలో ఆటగాళ్లందరినీ ఒకే పక్షాన నిలబెట్టాడు. గెలిస్తే అందరూ గెలుస్తారు, లేకపోతే అందరూ ఓడతారు. 2008లో మాట్ లీకాక్ రాసిన 'పాండెమిక్' ఆ పద్ధతిని ఇంటింటికీ తీసుకెళ్లింది. నలుగురూ వైద్యబృందమై నాలుగు రోగాలను ఆపాలి. అందరూ గెలిచే ఆట అని మేగీ తన రెండో నియమావళిలో రాసుకున్నది నూరేళ్లకు ఇలా లక్షల బల్లల మీదికి వచ్చింది.

మన దగ్గరికి ఇవి రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి, అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు అక్కడి గేమ్ నైట్లలో నేర్చుకుని, సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టె పెట్టుకుని రావడం. రెండోది ఆన్‌లైన్ అంగళ్లు. ఒక్కో పెట్టె వేల రూపాయల మాట, అందరూ అన్నీ కొనలేరు. అందుకే నలుగురు నాలుగు పెట్టెలు కొని ఒకచోట కలవడం మొదలైంది. కెఫేలు వాటికి చోటిచ్చాయి. ఇప్పుడు మన దేశంలోనూ ఆట రచయితలు తయారవుతున్నారు. 2019లో ముంబయికి చెందిన మీమెసిస్ కల్చర్ ల్యాబ్ 'శాసన్' అనే ఎన్నికల రాజకీయాల ఆటకు ప్రజల నుంచే పెట్టుబడి సేకరించింది. దాని రచయిత జైన్ మెమన్. పెట్టె మీద పేరు ఉంది.

ఈ ఆటలు డబ్బున్న కుర్రకారు వారాంతపు సరదాగా మిగిలిపోకూడదు. అమెరికాలో గ్రంథాలయాల సంఘం 2008 నుంచి ఏటా నవంబరులో గ్రంథాలయాల్లో ఆటల దినం జరిపించింది. చందాలు పోగుచేసి ఊరూరా పుస్తకశాలలు కట్టుకున్న గ్రంథాలయోద్యమం మనది. ఆ భవనాల్లో చాలా చోట్ల ఆదివారం సాయంత్రాలు కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. ఊరి గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇచ్చినట్టే ఒక కార్కసోన్ పెట్టె ఇవ్వండి. రూల్స్ తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. పులిజూదం, వామనగుంటలు తెలిసిన పెద్దవాళ్లను కూడా అదే బల్ల దగ్గరికి పిలవండి, వాళ్ల నియమాలు కూడా రాసి ఉంచండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కార్కసోన్ గానీ టికెట్ టు రైడ్ గానీ ఆడండి, క్యాటాన్‌ను రెండో వారానికి ఉంచండి. ఆట మొదలుపెట్టే ముందు పెట్టె మీద ఉన్న రచయిత పేరు ఒకసారి పైకి చదవండి.